రేకు అంచులోని ఏటవాలు కోతకు బహిరంగ లేఖ

అడగకుండానే డ్రాయింగుల్లో దూరే ఏటవాలు అంచుకు,

జాలహళ్ళి నుంచి రాస్తున్నాను. మా రాయచూరు జిల్లాలో నీకు పని బాగా దొరుకుతుంది. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యాక కోస్తా నుంచి తెలుగు రైతులు సింధనూరు, మాన్వి వైపు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. వరి వెనుక మిల్లులు వచ్చాయి, మిల్లుల వెనుక హాపర్లు, చూట్లు, దుమ్ము లాగే డక్టులు వచ్చాయి. ధాన్యం జారాలంటే గోడ వాలుగా ఉండాలి. ఆ వాలు గోడకు రంధ్రం పెట్టాల్సి వచ్చినప్పుడల్లా నువ్వు హాజరు.

ఒక లెక్క చెబుతాను. 45 డిగ్రీల వాలులో ఉన్న 3 మిల్లీమీటర్ల రేకులోంచి 150 మిల్లీమీటర్ల గొట్టం నిటారుగా దిగాలి. క్యాడ్‌లో పైనుంచి వృత్తం గీసి కిందికి కోస్తే తెరమీద గొట్టం చక్కగా కూర్చుంటుంది. రేకు రెండు ముఖాల మీదా దాదాపు 212 మిల్లీమీటర్ల పొడవున దీర్ఘవృత్తం పడుతుంది. అయితే ఒకటి రెండోదానికంటే వాలు వెంట 3 మిల్లీమీటర్లు జరిగి ఉంటుంది. ఆ రెండింటి మధ్య, రేకు మందంలో, దాక్కునేది నువ్వే.

రేకును చదునుగా విప్పి లేజర్ కోతకు పంపే డీఎక్స్‌ఎఫ్ ఫైలు తీస్తే జంట గీతలై బయటపడతావు. మామూలు లేజర్ రేకుకు లంబంగానే కోస్తుంది. తల వంచి కోసే యంత్రాలు ఉన్నా చిన్న షాపులకు అవి అందవు. రెండు గీతల్లో ఏది కోయాలో ఆపరేటర్ ఊహించాలి. ఒక ముఖం గీతనే పట్టుకుంటే గొట్టం ఒక కొసన తగులుతుంది, ఎదుటి కొసన సందు మిగులుతుంది. తగిలినచోట గ్రైండర్ పట్టేది, సందును వెల్డింగ్‌తో పూడ్చేది షాపులోని మనిషి. పల్చటి రేకు ఆ వేడికి వంకరపోతే మాట పడేదీ అతనే.

నీకు ఎక్కడా చోటు లేదని అనను. మందపాటి ప్లేట్లు అతికేముందు అంచు చెక్కాలి. అక్కడ కోణం రాసి మరీ నిన్ను పిలుస్తాం. పిలవని చోటికి రావద్దనే నా మాట.

నిన్ను ఆపే మార్గం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. సాలిడ్‌వర్క్స్‌లో నార్మల్ కట్, సాలిడ్ ఎడ్జ్‌లో నార్మల్ కటౌట్, ఇన్వెంటర్‌లో కట్ నార్మల్ అంచును రేకుకు లంబంగా నిలబెడతాయి. అంతటితో పని అయిపోదు. గొట్టం దూరాలంటే రెండు దీర్ఘవృత్తాలూ ఆ రంధ్రంలో ఇమడాలి, అంటే పొడవు 215 మిల్లీమీటర్లు, ఆపైన కాస్త వదులు. కోత బెండు మీదుగా పోతే రేకును విప్పి, కోసి, మళ్ళీ మడవడం మేలు.

క్యాడ్ నేర్పే మాస్టార్లకూ ఇదే విన్నపం: మోడల్ తెరమీద సరిపోయిందని మార్కులు వేయకండి. పిల్లలను అంచు పెద్దదిగా చేసి చూపించమనండి, జంట గీతలు కనబడితే ఫైలు ఆపమనండి.

నిన్ను తీసేయడానికి గీసేవాడికి ఒక టిక్కు, ఒక కూడిక చాలు. వదిలేస్తే వెల్డర్‌కు పూట పోతుంది. ఆ పూట కూలి గీసినవాడి లెక్కలోనే రాయాలి.

ఇట్లు,
రేకు భాగాలు గీసే ఒక డ్రాఫ్ట్స్‌మన్,
జాలహళ్ళి