స్థలపురాణానికి పట్టం, విగ్రహానికి తూకం

పద్దెనిమిది, పందొమ్మిదవ శతాబ్దాలకు చెందిన ప్రకృతి దృశ్య చిత్రకారుడు జె.ఎం.డబ్ల్యూ. టర్నర్ పేరిట బ్రిటన్‌లో 1984 నుంచి ఒక సమకాలీన కళా పురస్కారం నడుస్తున్నది. టేట్ గ్యాలరీ ఆధ్వర్యంలో సాధారణంగా నలుగురిని నామినేట్ చేసి, వారి కృతులను ప్రదర్శనకు పెట్టి, చివరికి ఒకరిని విజేతగా ప్రకటించడం దాని పద్ధతి. మొదటి విజేత మాల్కమ్ మోర్లీ చిత్రకారుడే గాని, తరువాతి దశాబ్దాల విజేతలలో కుంచె పట్టినవారు అరుదైపోయారు కనుక, ఇంటిపేరు కస్తూరివారన్న సామెతలో మిగిలిన సగాన్ని పూర్తి చేయనక్కరలేదు.

తెలుగునాట ఏ గుట్ట మీది రాయికైనా మహిమ రావాలంటే ముందుగా దానికొక స్థలపురాణం కావాలన్నది అందరికీ తెలిసిన సంగతే. ఈ బహుమతి నెత్తిన పెట్టుకున్న, వస్తువు కన్నా దాని వెనుక ఉన్న ఆలోచనకే పెద్దపీట వేసే భావనాత్మక కళలో ఆ పురాణం గోడ మీద, కృతి పక్కన, చిన్న ఫలకంగా వెలుస్తుంది. ప్రదర్శనను కూర్చే క్యూరేటర్ దానిని రాస్తాడు, విమర్శకుడు పారాయణం చేస్తాడు, ప్రేక్షకుడు ముందు ఫలకాన్ని చదివి, ఆ తరువాతే కృతి వైపు తలెత్తి, తనకు అర్థమైందని పక్కవారికి తెలిసేలా తలాడిస్తాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వాలన్న న్యాయం ఇక్కడ మరొక మెట్టు పైకెక్కింది, ఎందుకంటే పూజారి వరమిస్తే దేవుడు లేకపోయినా పని జరిగిపోతుంది.

2001లో మార్టిన్ క్రీడ్‌కు ఇరవై వేల పౌండ్లు తెచ్చిపెట్టిన 227వ నంబరు కృతి ఇందుకు చక్కని తార్కాణం. అది ఒక ఖాళీ గది, అందులో దీపాలు 5 సెకన్లు వెలిగి 5 సెకన్లు ఆరుతూ ఉంటాయి, అంతే. విద్యుత్ శాఖ దశాబ్దాలుగా ఇదే కళను ఉచితంగా ప్రదర్శిస్తున్నదన్న హాస్యం నోటిదాకా వస్తుంది గాని, మిగులు విద్యుత్ రాష్ట్రమని చెప్పుకునే ఛత్తీస్‌గఢ్‌లో, అందునా రాజధాని రాయపూర్‌లో కూర్చుని ఆ మాట అనడం మర్యాద కాదు. ఆ గది గోడల మీద ఒక చిత్రకారిణి గుడ్లు విసిరి నిరసన తెలిపింది, పత్రికలు మండిపడ్డాయి, జనం బారులు తీరారు. సమకాలీన కళపై చర్చను రేపడమే తన ధ్యేయమని ఈ బహుమతి తొలినుంచీ చెప్పుకుంటున్నది కనుక, తిట్టిన ప్రతి పత్రికా దానికి జీతం లేని కొలువు చేసినట్టే లెక్క, ఈ వ్యాసం కూడా అందుకు మినహాయింపు కాదు.

కళకు ఏ ఏడాది ఎంత విలువ ఉన్నదో తేల్చడంలో ఈ సంస్థ చూపిన తర్కం కూడా గమనించదగినది. ప్రాయోజకత్వం వహించిన అమెరికన్ ఆర్థిక సంస్థ డ్రెక్సెల్ బర్న్‌హామ్ లాంబర్ట్ దివాలా తీసినందున 1990లో అసలు బహుమతే లేదు. 1991లో కొత్త ప్రాయోజకులతో పాటు, 50 ఏళ్లు నిండినవారు పనికిరారన్న నిబంధన వచ్చింది. 2017లో ఆ నిబంధన తొలగిన వెంటనే 63 ఏళ్ల లుబైనా హిమిడ్ గెలిచారు. 2019లో నామినేట్ అయిన నలుగురూ తమను విడదీయవద్దని కోరగా న్యాయనిర్ణేతలు నలుగురికీ కలిపి పంచిపెట్టారు, ఇక తీర్పరులకు మిగిలిన పని కవరు తెరవడం ఒక్కటే.

అన్నీ డొల్ల అనడం మాత్రం అన్యాయం. 1993 విజేత రేచల్ వైట్‌రీడ్ తూర్పు లండన్‌లోని గ్రోవ్ రోడ్డులో కూల్చివేతకు మిగిలిపోయిన ఒక పాత ఇంటినే మూసగా వాడి, లోపలి గదులన్నింటికీ కాంక్రీటు పట్టించి, ఆపైన గోడలను ఊడదీయించింది. ఇల్లు పోయి, ఇంట్లోని ఖాళీ గట్టిపడి నిలబడింది. ఆమె గెలిచిన రోజునే స్థానిక పాలకమండలి దానిని పడగొట్టాలని తీర్మానించింది. అదే ఏడాది కె ఫౌండేషన్ అనే జంట ఆమెనే దేశంలోకెల్లా అధమ కళాకారిణిగా ప్రకటించి, అసలు బహుమతికి రెట్టింపుగా నలభై వేల పౌండ్లు అంటగట్టింది. ఉత్తమురాలి కన్నా అధమురాలికి గిట్టుబాటు ఎక్కువని తేలిన ఆ సంవత్సరం, కళా విపణి తన గురించి తాను నిజం చెప్పుకున్న అరుదైన సందర్భం.

ఖాళీని పోత పోయడమన్నది బస్తర్‌లోని ఘడ్వాలకు గాని, ఆదిలాబాద్ ప్రాంతపు వోజులకు గాని కొత్త సంగతి కాదు. మట్టి ముద్ద మీద సన్నని మైనపు తీగలు చుట్టి, దానిపై మళ్లీ మట్టి మెత్తి, బట్టీలో కాలిస్తే మైనం కరిగిపోయి రూపం మాత్రమే ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి దిగి చల్లారాక మూసను పగలగొట్టక తప్పదు, కనుక ఒక మూసకు ఒకే బొమ్మ. డోక్రా అని పిలిచే ఈ విద్య మొహెంజొదారో నర్తకి నాటి పద్ధతి. లేనిదాన్ని ఉన్నదిగా మార్చే ఈ తత్వానికి లండన్‌లో ఎన్ని ఫలకాలు రాయవచ్చునో ఊహించుకోవచ్చు. ఇక్కడ మాత్రం దానిని హస్తకళ అంటారు. కళ అన్న మాటకు ముందు చేయి వచ్చి చేరగానే హోదా ఒక మెట్టు దిగిపోవడం, చేతితో చేయడమే ఏదో తప్పు అన్నట్టు శాఖ మారిపోవడం, భారతీయ పాలనా వ్యవస్థ స్వయంగా సాధించిన భావనాత్మక కృతి.

టర్నర్ బహుమతి పుట్టడానికి ఒక ఏడాది ముందు, 1983లో, సర్గుజా ప్రాంతంలోని పుహ్‌పుత్ర గ్రామానికి చెందిన సోనాబాయి రజ్వార్‌కు రాష్ట్రపతి పురస్కారం లభించింది. భర్త ఆమెను దాదాపు 15 ఏళ్లు ఇల్లు దాటనివ్వలేదు. కొడుకుకు ఆటబొమ్మలు లేవని మట్టితో చేయడం మొదలుపెట్టి, వెదురు బద్దలను వంచి మట్టి పూసిన జాలీలతో, వాటిలో వాలిన పక్షులతో, కోతులతో ఆ ఇంటినే మరో లోకంగా మార్చుకున్నది. భోపాల్‌లో 1982లో తెరిచిన భారత్ భవన్ కళాకేంద్రం కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ ఊళ్లకు పంపిన బృందాలు వెలికి తెచ్చిన కృషి ఇది. ఆదివాసీ, జానపద కళాకారులు కూడా సమకాలీనులేనని వాదించి, ఆధునికుల సరసనే వారి కృతులను ఉంచిన స్వామినాథన్ ఆలోచన అప్పట్లో లండన్‌కు తట్టనిది. మట్టికుండలు చేసే గ్రేసన్ పెర్రీకి టర్నర్ దక్కడానికి 2003 దాకా ఆగవలసి వచ్చింది, అప్పుడు అది విప్లవమని రాశారు. 1999లో ట్రేసీ ఎమిన్ నామినేట్ అయినప్పుడు ప్రదర్శించిన తన చెదిరిన పడకకు 2014 వేలంలో సుమారు 25 లక్షల పౌండ్లు పలికాయి. ఒక స్త్రీ గదిలో గడిపిన నిరాశకు అంత ధర ఉన్నప్పుడు, 15 ఏళ్ల నిర్బంధంలోంచి మొలిచిన పక్షులకు ఎంత ఉండాలన్న లెక్క ఏ వేలంశాలా వేయలేదు.

రెండు లోకాల మధ్య అసలు తేడా పేరులో ఉన్నది. అక్కడ చెదిరిన పడకకైనా, ఆరివెలిగే దీపానికైనా ముందు ఒక వ్యక్తి పేరు నిలుస్తుంది. ఇక్కడ బస్తర్ డోక్రాకు, 2018లో ఆదిలాబాద్ డోక్రాకు దక్కిన భౌగోళిక గుర్తింపు, అంటే ఒక వస్తువు ఫలానా ప్రాంతానిదేనని చట్టం ఇచ్చే ముద్ర, ఊరి పేరును కాపాడుతుందే గాని చేసినవాడి పేరును కాదు. కొండగావ్‌కు చెందిన జయదేవ్ బఘేల్ వంటి కొద్దిమంది పేర్లు మాత్రమే ఆ గీత దాటాయి. మిగతావారి ఏనుగులు, గుర్రాలు, దంతేశ్వరీ అమ్మవారి మూర్తులు రాయపూర్ దుకాణాల అరల్లో వరుసగా నిలబడి ఉంటాయి. కొనేవారు ఒకదాన్ని ఎంచుకోగానే అమ్మేవాడు దానిని తీసి, దుమ్ము తుడిచి, త్రాసులో పెట్టి, గ్రాముల లెక్కన ధర చెబుతాడు.