నాన్న భుజం మీద నాలుగు వేళ్లు

మూడు వారాలుగా నా కంప్యూటర్లో మా నాన్న భుజం మీద నాలుగు వేళ్లు వేలాడుతున్నాయి. వేళ్లున్నాయి గానీ వాటి వెనక చెయ్యి లేదు, మనిషి లేడు. ఆ మనిషి మా పెదనాన్న. ఆయన్ని తీసేసింది నేనే. వేళ్లు మాత్రం నా వల్ల కావడం లేదు.

వచ్చే నెల నాన్న సంవత్సరీకం. పటం కట్టించాలి. మా నాన్న కెమెరా కనపడితే దొడ్డివైపు వెళ్లిపోయే మనిషి. ఆయన కళ్లు తెరిచి, తిన్నగా నిలబడ్డ ఫొటో లోకం మొత్తం మీద ఒక్కటే ఉంది. 1988లో అక్క పెళ్లినాడు సున్నం కొట్టిన గోడ ముందు తీసిన గ్రూప్ ఫొటో. అందులో పదమూడు మంది. పన్నెండు మందిని తీసేస్తే నాన్న మిగులుతాడు. లెక్కకి ఇంతే.

"ఏవండీ, స్టూడియోలో ఇచ్చెయ్యకూడదూ?" అంది మా ఆవిడ. అక్కడే వచ్చింది పంతం. ముప్పై మూడేళ్లు సర్కారు ఆఫీసులో గుమస్తాగిరీ చేశాను. జాబితాల్లోంచి ఎన్ని పేర్లు తీశాను, ఎన్ని పేర్లు ఇరికించాను! ఒక్క ఫొటోలోంచి పన్నెండు మందిని తీయలేనా?

అందరూ ఫొటోషాప్ అన్నారు. అది అన్నదమ్ముల కష్టార్జితం. అన్న థామస్ నోల్ 1987లో మిషిగన్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసుకోక ఈ ప్రోగ్రాం మొదలెట్టాడు. తమ్ముడు జాన్ వచ్చి చెయ్యేశాడు. 1990లో అడోబీ దాన్ని బజార్లోకి తెచ్చింది. నలుగురికీ చూపించడానికి వాళ్లు వాడిన ఫొటో కూడా ఇంటి మనిషిదే. జాన్‌కి తర్వాత భార్య అయిన జెన్నిఫర్, బోరా బోరా దీవి ఒడ్డున ఇసకలో కూర్చుంది. మనకి వీపు, సముద్రానికి మొహం. మా నాన్న కూడా అలా వీపు తిప్పి కూర్చుని ఉంటే నాకింత పని ఉండేది కాదు. బాగానే ఉంది గానీ, 2013 నుంచి కొత్త వెర్షన్లు చందా పద్ధతిలోకి మారాయి. పాల చీటీ, పేపరు బిల్లు, కేబులు, వాటి సరసన పోయిన నాన్నగారి భుజానికి నెలనెలా చందా. మనసొప్పలేదు.

ఫోన్లో దొరికే ఉచిత యాప్ ఒకటి ప్రయత్నించాను. నిమిషంలో నాన్నని విడదీసింది. ఆయన గుండె మీద తన పేరు అచ్చేసుకుంది. తీయాలంటే డబ్బు కట్టమంది. ఆలోచించుకునేలోపు రమ్మీ ఆడమంది.

చివరికి గింప్ దగ్గర తేలాను. 1995లో బర్కిలీలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలెట్టినది. పూర్తిగా ఉచితం. అమెరికాలో పిల్లలు బుద్ధిగా చదువుకోకపోవడం వల్ల మనకెంత మేలు జరిగిందో చూశారా?

తెరవగానే ఎడమవైపు కత్తెర, తాడు, మంత్రదండం, బకెట్టు, రబ్బరు కనిపించాయి. వాటి మధ్య ఒక రబ్బరు స్టాంపు. దాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. నా ఉద్యోగమంతా దాంతోనే గడిచింది కదా! కానీ గింప్ నేర్పే వీడియోలో కుర్రాడు ముందు మంత్రదండం పట్టుకోమన్నాడు. గోడ మీద నొక్కితే ఆ రంగంతా పట్టేస్తుందట. నొక్కాను. చీమలబారులా చుక్కల గీత ఒకటి గోడ చుట్టూ పాకింది. డిలీట్ కొట్టాను. గోడ పోయింది. గోడతో పాటు అదే తెలుపున్న నాన్న చొక్కా పోయింది, పంచె పోయింది. గాల్లో ఒక తల, రెండు చేతులు, కింద చెప్పుల్లేని పాదాలు. సరిగ్గా అప్పుడే అమ్మ కాఫీ పట్టుకుని గదిలోకి వచ్చింది. ఆ పూట ఆవిడకి నేను చెప్పిన సంజాయిషీ నా సర్వీసులో ఏ మెమోకీ రాయలేదు.

ఇక లేయర్లు. "గాజు పలక మీద గాజు పలక ఊహించుకోండి ఫ్రెండ్స్" అన్నాడు కుర్రాడు. ఊహించుకోలేకపోయాను. ఆ సాయంత్రమే మా బావమరిది ఆత్రేయపురం నుంచి పూతరేకుల డబ్బా పట్టుకొచ్చాడు. ఒకటి విప్పానో లేదో, మొత్తం అర్థమైపోయింది.

పూతరేకంటే మీకు తెలియదని కాదు, నాకు చెప్పాలనుంది. కుండని పొయ్యి మీద బోర్లించి, లోపల ఎండుటాకుల మంట పెడతారు. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతారు. అంతే, రేకు. కింద పేపరు పెడితే అక్షరాలు కనిపిస్తాయి. దాని మీద నెయ్యి, దాని మీద పంచదార పొడి, పైన ఇంకో రేకు. కుర్రాడి గాజు పలకలకి నెయ్యెక్కడుంది? "బావా, 2023లో దీనికి జీఐ గుర్తింపు వచ్చింది తెలుసా?" అన్నాడు బావమరిది, తనే కుండ బోర్లించినట్టు. వచ్చింది సరే, బెల్లం పూతరేకు గొప్పదా, పంచదారదా? అరగంట వాదించుకున్నాం. తేల్చడానికి చెరో రకం రెండేసి తిన్నాం. తేలలేదు. ఒక్కోదాంట్లో ఎన్ని రేకులుంటాయో లెక్కెడదామని చేతి గోళ్లతో విప్పడం మొదలెట్టాను. మూడో రేకు దగ్గర లెక్క నోట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ ఇంకోటి విప్పాను. నాలుగోది తిన్నాక పై రేకుని ముట్టుకున్నా కింది రేకు చెదరదని అర్థమైంది. ఆరోది తిన్నాక షుగరు మాత్ర వేసుకోలేదని గుర్తొచ్చింది. నెయ్యి చేత్తో మౌస్ పట్టుకుంటే అది చేపలా జారి, మా పెద మేనత్త తల సగం తీసుకుపోయింది. మా ఆవిడ వచ్చి, "నేర్చుకుంది చాలు" అని డబ్బా తీసుకెళ్లి అటక మీద పెట్టేసింది. చదువు అటకెక్కడం అంటే ఏమిటో నేను కళ్లారా చూశాను.

సరే, విషయానికొస్తాను. అసలు ఫొటోని కింది రేకుగా వదిలెయ్యాలి. చెరుపుళ్లన్నీ పై రేకు మీదే చెయ్యాలి. పక్కన ఉన్న కన్ను బొమ్మ నొక్కితే పై రేకు మాయమై కిందది కనిపిస్తుంది. రెండు రోజుల పని సేవ్ చేసి హైదరాబాదులో ఉన్న అమ్మాయికి పంపాను. "నాన్నా, ఇదేం ఫైలు? తెరుచుకోవట్లేదు" అంది. 2012 నుంచీ ఇందులో సేవ్ అంటే తన సొంత ఫైలుగా దాచుకోవడమే. జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చెయ్యాలట. జాడీలో ఆవకాయ వేరు, ఊరికి పంపే సీసా వేరు. ఆ మాట ముందే చెబితే ఏం పోయింది?

"ఎందుకు నాన్నా తిప్పలు, ఏఐకి చెబితే క్షణంలో చేస్తుంది" అని తనే ఒకటి చేసి పంపింది. వేళ్లు లేవు. చక్కటి చొక్కా, నున్నటి చెంపలు, చిరునవ్వు. నవ్వులో ముప్పై రెండు పళ్లు. మా నాన్నకి పెళ్లినాటికే రెండు లేవు, ఉన్నవి చుట్టలు కాల్చి కాల్చి ఖర్జూరం రంగులో ఉండేవి. అమ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది. "ఎవర్రా ఈయన? మన బ్యాంకు మేనేజరా?" అంది.

దాంతో మళ్లీ నా స్టాంపు దగ్గరికే వచ్చాను. ఇది ఒకచోట రంగు ఎత్తి ఇంకోచోట అద్దుతుంది. కంట్రోల్ పట్టుకుని ఎక్కణ్ణుంచి ఎత్తాలో చూపించాలి. తప్పు చోట చూపించడం వల్ల మొదటి రోజు నాన్న భుజానికి చెవి మొలిచింది. రెండో రోజు గుండీలు మొలిచాయి. మొన్న రాత్రి పదకొండింటికి చొక్కా మడత ఒకటి ఎత్తి, కొంచెం కొంచెంగా అద్దుకుంటూ వెళ్తే చిటికెన వేలు పోయింది. తర్వాత ఉంగరం వేలు. పన్నెండయ్యేసరికి భుజం ఖాళీ.

పొద్దున్నే అమ్మకి చూపించాను. చాలాసేపు చూసింది.

"వేళ్లేవిరా?"

"తీసేశానమ్మా. ఎలాగూ మాటల్లేవు కదా…"

అమ్మ ఏమీ అనలేదు. పువ్వులు కోయడానికి వెళ్లిపోయింది.

అక్క పెళ్లయిన రెండేళ్లకి, రెండు సెంట్ల గట్టు దగ్గర అన్నదమ్ములకి మాటలు పోయాయి. పోయేదాకా ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. ఆ ఫొటో నాకు దొరికింది నాన్న ట్రంకు పెట్టెలో, ఆ గట్టు తాలూకు కోర్టు కాగితాల కిందే. పెదనాన్న ఫొటోలో అంచున నిలబడ్డాడు. ఇంట్లో అమ్మ కుట్టుమిషను కత్తెర ఎప్పుడూ ఉండేది. ఒక్క కత్తిరింపు చాలు. వేళ్లు మిగిలేవే అనుకోండి, మనిషైతే పోయేవాడు. ముప్పై ఏళ్ల పైన ఆ పెట్టె తీస్తూ మూస్తూ ఉన్న మనిషి కత్తెర పట్టలేదు. నేను పది రకాల కత్తెరలు నేర్చుకున్నాను.

కన్ను బొమ్మ మీద నొక్కాను. పై రేకు పోయింది. గోడ, పెదనాన్నతో సహా పన్నెండు మంది, అందరూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. నాన్న వరకూ కత్తిరించి, వేళ్లు ఉంచేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వీధి చివర స్టూడియోకి వెళ్లాను. అక్కడి కుర్రాడు తెర మీద పెద్దది చేసి చూశాడు.

"సార్, భుజం మీద ఎవరివో వేళ్లున్నాయి. తీసేస్తాను, రెండు నిమిషాల పని. యాభై ఇవ్వండి."

వద్దన్నాను. నన్నోసారి కింద నుంచి పైదాకా చూశాడు.

"పోనీ, ఫ్రీగా తీస్తాను సార్."