సైకిలన్న పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

ఉదయము తొమ్మిదిన్నర వేళ అమీర్‌పేట నుండి లక్డీకాపూల్‌కు సైకిలుపై కొలువునకు పోవువానిని చూచి, పంజాగుట్ట కడ ఒకడు జాలిగొని పలికిన పద్యమిది. పలికినవాడు ట్రాఫిక్ కానిస్టేబులని కొందరు వ్యాఖ్యాతలు. అది పొసగదు. ఏలన, ఆ వేళ కానిస్టేబులు చలానా కొరకు బండ్ల నంబర్లు ఫొటో తీయుచుండును. సైకిలునకు నంబరు లేదు కావున అతని కంటికి అది ఆననే ఆనదు. పలికినవాడు పంక్చరు షాపువాడనుట యుక్తము.

ఆ.వె.
ముందు బస్సు నిలుచు మూలిగి రోడ్డున
వెనుక హార్ను మోగు వీపు చరచి
తలుపు తెరచు కారు తలయెత్తి చూడక
సైకిలన్న యింక సాగుటెట్లు

ప్రతిపదార్థము

ముందు = ఎదుట; బస్సు = సిటీ ఆర్డినరీ; మూలిగి = గేరు మారుటచే నిట్టూర్చి; రోడ్డున = స్టాపున గాక నడిరోడ్డుననే; నిలుచు = ఆగును; వెనుక = వీపునకు మూరెడు దూరమున; హార్ను = పచ్చలైటు వెలుగుటకు మూడు సెకన్ల ముందే పుట్టు ధ్వని; వీపు చరచి మోగు = ఉలికిపడునట్లు మోగును; కారు = క్యాబు మొదలగునది; తలయెత్తి చూడక = సెల్‌ఫోనులోని తల పైకెత్తక; తలుపు తెరచు = తలుపును భళ్లున తీయును; సైకిలన్న = సైకిలుగల ఓ అన్నా!; ఇంక = ఈపైన; సాగుట = ఆఫీసు చేరుట; ఎట్లు = ఏ విధముగా?

తాత్పర్యము

చేరినచో చేరినట్లు.

విశేషములు

‘రోడ్డున’ అనుటచే బస్‌బేలో కాదని తెలియుచున్నది. దీనికై డ్రైవరును నిందింపరాదు; బస్‌బేలో ముందే ఆటోలు కొలువుదీరి యున్నవి. సైకిలన్నకిది ధర్మసంకటము. ఎడమనుండి దూరినచో దిగువారు మీద పడుదురు, కుడికి తిరిగినచో బైకులు. బస్సు వెనుకనే ఆగుట ఉత్తమపక్షము. అచట పొగ తప్ప వేరు బాధ లేదు.

హార్నునకు అర్థము లేదు. వ్యాఖ్య అనవసరము.

మూడవ పాదమే పద్యమునకు ప్రాణము. బస్సు కానవచ్చును, హార్ను వినవచ్చును. తలుపునకు ముందుగా రూపమూ లేదు, శబ్దమూ లేదు. ఆగియున్న కారును ఒరసికొని పోవువాడు ఆ తలుపు అంచు తగిలి పడినచో, పడునది రోడ్డు నడుమ, వెనుకవచ్చు బండి ముందు. కావుననే తెలిసినవారు ఆగిన కార్ల వరుసకు మీటరు ఎడముగా తొక్కుదురు. అట్లు తొక్కిన తక్షణమే వెనుకనుండి రెండవ పాదము మోగును.

నెదర్లాండ్స్ దేశమున కారు తలుపును దానికి దూరముగా నుండు చేతితో తీయు అలవాటు కలదు. అట్లు తీయునపుడు నడుము తిరుగును, దానితో మెడ తిరుగును, చూపు తనంతట తానే వెనుకకు పోవును. ఖర్చు లేని శాస్త్రము.

నేల మాట ఏల చెప్పడాయె నని ఆశంక. రోడ్డు మీద రోడ్డు వేయగా వేయగా మ్యాన్‌హోల్ మూత గుంటలో మిగిలిపోవును. వానకు గుంట నిండి మూత కనబడదు, తడిసిన ఇనుముపై చక్రము జారును, రిమ్ము తడియుటచే బ్రేకు ఆలస్యముగా పట్టును. ఇన్నియు ఆటవెలదిలో ఇమడవు, సీసము కావలయును.

ఇక పూర్వపక్షము. నగరమున సైకిలునకు దారి లేదనుట అసత్యము కాదా, 2023లో ఔటర్ రింగ్‌రోడ్డు వెంబడి నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపుల 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరువలేదా అని. తెరచిన మాట నిజము. పైన సోలార్ పలకల కప్పు, వెడల్పు నాలుగున్నర మీటర్లు, రాత్రి దీపములు. అచట తొక్కుటకై జనులు కారు వెనుక సైకిలు కట్టుకొని పోవుచున్నారు. అది వ్యాయామమునకు దారి, కొలువునకు కాదు. పేపరు వేయు కుఱ్ఱవాడు, అపార్టుమెంటు వాచ్‌మన్, తాపీమేస్త్రి, వీరి దారి అమీర్‌పేట మీదుగనే. వీరికి కప్పు అక్కరలేదు. రోడ్డు పక్క ఒక గీత చాలును, దానిపై ఎవరును కారు నిలుపకుండినచో.

పూర్వము మన పట్టణములలో సైకిలునకు మున్సిపాలిటీ పన్ను కట్టి బిళ్ళ తగిలించుకొనవలసి యుండెను. రాత్రి దీపము లేనిచో పోలీసులు టైర్ల గాలి తీసెడివారు. అది బాధయే, ఐనను సైకిలు సర్కారు లెక్కలో నుండెను. నేడు ఆ బాధ పోయెను, లెక్కయు పోయెను.

అలంకారము స్వభావోక్తి. అతిశయోక్తి యనువారు పంజాగుట్ట చూడనివారు.

పాఠకులకు విన్నపము: డ్రైవరు సీటున కూర్చుండువారు ఎడమచేతితోను, ఎడమవైపు దిగువారు కుడిచేతితోను తలుపు తీయవలెను. ఫోను జేబులో పెట్టిన పిదప తీయవలెను.