లైట్‌హౌస్‌లో రూమ్ ఉందా అండీ?

సంక్రాంతికి భీమవరంలో లాడ్జి గది కంటే ఎమ్మెల్యే టికెట్ సులువుగా దొరుకుతుంది. లాడ్జీలు నిండాక నరసాపురం, పాలకొల్లు, ఆపైన దిండి రిసార్టు, ఆపైన చుట్టాల ఇళ్లు. చుట్టాలు ఫోన్ ఎత్తడం మానేశాక హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది కన్ను అంతర్వేది లైట్‌హౌస్ మీద పడింది.

"బావా, ఫారిన్‌లో అద్దెకిస్తారంట. మనోళ్లకేం రోగం?"

నిజమే. ఇంగ్లండులో లైట్‌హౌసులన్నీ 1998 నాటికి ఆటోమేటిక్ అయిపోతే, కాపలాదారులు ఖాళీ చేసిన ఇళ్లలో కొన్నింటిని సెలవులకొచ్చే వాళ్లకు అద్దెకిస్తున్నారు. మన ప్రధాని కూడా 2024 ఫిబ్రవరి 28న తూత్తుకుడిలో 75 లైట్‌హౌసుల పర్యాటక సదుపాయాలను జాతికి అంకితం చేశారు. కాబట్టి మావాడిది మరీ గొంతెమ్మ కోరికేం కాదు.

అమ్మడానికి మన దగ్గర సరుకూ బోలెడు. ఏకాంతం కావాలా? ఒక్క తుపాను చాలు, కరెంటూ సెల్ టవరూ కలిసే పోతాయి. పడవ షికారా? వరదొస్తే లంకల్లో గుమ్మం దగ్గరే ఎక్కొచ్చు. లంకవాళ్లు పిల్లల్నీ గేదెల్నీ ఎక్కించుకుని తిరిగితే దాన్ని వరద సహాయం అంటాం, హైదరాబాద్ వాళ్లు డబ్బు కట్టి తిరిగితే ఎక్స్‌పీరియన్స్ అంటాం. ఇక సీ వ్యూ అంటారా, ఉప్పాడలో సముద్రమే ఇంట్లోకొచ్చి ఇంటిని పట్టుకుపోయింది. అదనపు ఛార్జీ కూడా తీసుకోలేదు.

రాత్రి వెలుగుల సంగతీ చెప్పాలి. 1995లో సరిగ్గా సంక్రాంతి ముందు, జనవరి 8న, పాసర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి 65 రోజులు మండింది. కోనసీమ చూసిన అతి పెద్ద లైట్‌హౌస్ అదే. టికెట్ పెట్టాలని అప్పట్లో ఎవరికీ తట్టలేదు, పాపం.

విదేశీ అతిథులు రారేమోనన్న బెంగా అక్కర్లేదు. మనం పిల్లల్ని అమెరికా పంపడం మొదలెట్టకముందే అమెరికా మన దగ్గరికొచ్చింది. 1867 జూన్ 19న శాక్రమెంటో అనే అమెరికన్ యుద్ధనౌక గోదావరి ముఖద్వారం దగ్గర మేట తగిలి పగిలిపోయింది. అందరూ బతికి బయటపడ్డారు. ఓడ పేరు మాత్రం ఆ మేటకీ, అక్కడి లైట్‌హౌస్‌కీ ఉండిపోయింది. రూమ్ బుక్ చేసుకోకుండా వచ్చిన తొలి ఎన్నారైలు వాళ్లే!

మా బావమరిది ఆశ వేరు. పైకెక్కితే ఏ తోటలో కోడిపందేల బరి గీశారో, ఏ రోడ్డు మీద పోలీసు జీపు వస్తోందో మొత్తం కనబడుతుందట. జీపు కోసం అంత ఎత్తెక్కడం దండగ. లైటు ఎన్ని చుట్లు తిరిగినా ఆ మూడు రోజులూ చట్టానికి కోడి కనబడదు.

అయినా వాకబు చేద్దామని నరసాపురం రేవుకెళ్లాను. గోదావరి దాటించే పంటు నిండా బైకులు, కొబ్బరికాయల బస్తాలు, ఓ ఆటోలో పెళ్లివారు. పంటు కుర్రాణ్ణి లైట్‌హౌస్‌లో రూములిస్తారా అని అడిగితే, "ఆయ్, రూము సంగతి తర్వాతండి, ముందా బండి కాస్త ఎనక్కి తీయండి" అన్నాడు.

పర్యాటక శాఖ వారికో మనవి. లైట్‌హౌస్‌లో ఏసీ పెట్టేముందు నరసాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య వంతెన కట్టించండి. శంకుస్థాపనలకు లోటు లేదు. ఈలోగా అతిథులు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: రాత్రి ఆఖరి పంటు తప్పిపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి.