మెనూ ముట్టుకోకుండా హోటల్ నడిపే చిట్కాలు

హోటల్ వ్యాపారంలో మెనూ మార్చడమంత దండగ పని ఇంకోటి లేదు. మాస్టర్‌కి జీతమిస్తే వంట అవుతుంది, గ్యాస్‌కి డబ్బు కడితే పొయ్యి వెలుగుతుంది. మెనూ మీద పెట్టిన రూపాయి మాత్రం ప్రెస్సు వాళ్లకే పోతుంది. కింద చెప్పినవి వరసగా చేసుకుంటూ పోండి. ఏడాది తిరిగేసరికి మీ హోటల్ ఎంత ప్రశాంతంగా ఉంటుందో మీరే చూస్తారు.

1. మొదటిసారి కొట్టించేటప్పుడే రెండొందల ఐటమ్స్ వేసేయండి. ఇడ్లీ, షవర్మా, రాగి సంగటి, చిల్లీ పనీర్, ఉలవచారు బిర్యానీ, ఏదీ వదలొద్దు. మీకున్నవి రెండు పొయ్యిలే అయినా పర్వాలేదు, మెనూలో పొయ్యిలు కనబడవు. ఇక కొత్తగా చేర్చే పని జన్మలో ఉండదు.

2. ఇవాళ ఏమున్నాయో, ఏమి లేవో సప్లయర్‌కి పొద్దున్నే చెప్పకండి. చెబితే కస్టమర్ కూర్చోగానే "మటన్ లేదండి" అనేస్తాడు, వాళ్లు పక్క హోటల్‌కి పోతారు. ముందు "ఉందండి" అని ఆర్డర్ రాసుకోవాలి. లోపలికెళ్లి పది నిమిషాలు నిలబడి, అప్పుడొచ్చి "అయిపోయిందండి" అనాలి. ఈలోగా వాళ్లు మంచినీళ్లు తాగి, ఉల్లిపాయ ముక్కలు నిమ్మకాయ పిండుకుని తినేసి ఉంటారు. ఆకలి మీదున్న మనిషి అంత తేలిగ్గా లేవడు. మొదట గోంగూర మటన్ అయిపోవాలి, తర్వాత నాటుకోడి పులుసు, ఆ తర్వాత రొయ్యల ఇగురు. నాలుగోసారికి "ఏముంటే అది పెట్టు బాబూ" అంటారు. మధ్యాహ్నం మిగిలిన అన్నం ఫ్రైడ్ రైస్‌గా వెళ్లే ముహూర్తం అదే.

3. ధర పెంచాలంటే కార్డు మార్చొద్దు, స్టిక్కర్ అంటించండి. 2023 జులైలో టమాటా కిలో వంద దాటింది గుర్తుందిగా? అలాంటి రోజులే మనకు పండగ. టమాటా పడని కర్డ్ రైస్‌కి కూడా స్టిక్కర్ వేయండి. టమాటా దిగినా స్టిక్కర్ దిగకూడదు. మళ్లీ పెంచాల్సొస్తే దాని మీదే ఇంకోటి. 160 మీద 180, దాని మీద 210, దాని మీద 240. పాతది పీకితే లామినేషన్ లేచిపోతుంది, పైగా మీ టైము దండగ.

ఒక్కటే ఇబ్బంది. ఆర్డర్ వచ్చేలోపు తోచని పిల్లలు గోటితో స్టిక్కర్ గీకుతారు. ఒక్కో పొర లేస్తుంటే తండ్రి చూస్తూనే ఉంటాడు. కంగారు పడకండి. "కుర్రాడు పాత కార్డు ఇచ్చాడండి" అనండి. తప్పెప్పుడూ కుర్రాడిదే, అందుకే కుర్రాణ్ని నెలకోసారి మార్చండి.

4. ధర మీద సాంబారు మరక పడితే తుడవకండి. అది ఉచితంగా వచ్చిన స్టిక్కర్.

5. చేపల దగ్గర అంకెలే వద్దు, ఏపీఎస్ అని వేయండి. సైజుని బట్టి అని అర్థం. కస్టమర్ సైజుని బట్టి అని మీరు అర్థం చేసుకోండి. కారులో వచ్చిన వాళ్లకి ఒక రేటు, ఆటోలో వచ్చిన వాళ్లకి ఇంకో రేటు. పులస పేరు పన్నెండు నెలలూ ఉంచండి. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడే పులస దొరుకుతుందని తెలిసినవాళ్లు సంక్రాంతికి అడగరు. తెలియనివాళ్లకి ఏ చేపైనా పులసే.

6. బిల్లు మీద పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలని 2022 జనవరి నుంచి నిబంధన. మీ ముందు అదే షట్టర్‌లో టిఫిన్ సెంటర్ నడిపినాయన నంబరు ఎలాగూ గోడ మీద ఉంటుంది. దాన్నే దించేయండి. కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లు కస్టమర్ దగ్గర జీఎస్‌టీ వసూలు చేయకూడదంటారు. మెనూ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "పన్నులు అదనం" అని వేయండి. చదివినవాణ్ని ఇంతవరకు చూడలేదు. సర్వీస్ చార్జి బిల్లులో దానంతటదే కలపొద్దని, వేరే పేరు మీదా వసూలు చేయొద్దని 2022 జులైలో వినియోగదారుల అథారిటీ చెప్పింది. మీరు "సిబ్బంది సంక్షేమం" అని పెట్టండి. కస్టమర్ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానంటే, అప్పుడు కుర్రాడు పొరపాటున కలిపాడని చెప్పండి.

7. ఇక ఆన్‌లైన్. కార్డులో ఒక ధర, స్విగ్గీలో ఒకటి, జొమాటోలో ఇంకోటి ఉండాలి. మూడూ ఒకటే చేయాలంటే ఎవరో ఒకరు కూర్చోవాలి కదా, ఎవరు కూర్చుంటారు? స్టాక్ లేని ఐటమ్ ఆఫ్ చేయడం ఒక్క నొక్కుతో అయ్యే పనే గానీ, అలవాటు చేసుకుంటే రోజూ నొక్కాలి. ఆర్డర్ రానివ్వండి. డెలివరీ అబ్బాయి వచ్చి హెల్మెట్ తీయకుండా అరగంట నిలబడ్డాక కస్టమర్‌కి ఫోన్ చేసి, "పనీర్ లేదండి, ఎగ్ పంపమంటారా" అనండి. అక్కడ శనివారం చేసే ఇల్లయితే ఇంకా మంచిది, వాళ్లే క్యాన్సిల్ చేస్తారు.

8. ఫోటోలు వేరేవాళ్ల బిర్యానీవి పెట్టండి. అందరి బిర్యానీ పసుపే.

9. టేబుల్ మీద క్యూఆర్ అంటించి వెబ్‌సైట్ రెన్యువల్ కట్టకండి. స్కాన్ చేస్తే తెల్ల స్క్రీన్ వస్తుంది, "నెట్ స్లో అండి" అనండి. గూగుల్ మ్యాప్స్‌లో ఎవరో 2019లో పెట్టిన మెనూ ఫోటో అలాగే ఉండనివ్వండి. ఆ రేటు చూసి మెట్రో దిగి నడిచొస్తారు, వచ్చాక చూసుకోవచ్చు. ఫోన్ నంబరు మానేసిన మేనేజర్‌ది ఉంటే తీయొద్దు. తిట్లన్నీ అతనికే పోతాయి.

10. ప్రభుత్వం ఏదైనా నిషేధిస్తే తొందరపడి మెనూలోంచి తీసేయకండి. 2024 అక్టోబరు చివర్లో తెలంగాణలో పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధిస్తే చాలామంది పరుగెత్తి తీసేశారు. పేరు "వైట్ చట్నీ" అని మార్చితే సరిపోయేది, అదీ పెన్నుతో.

ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తే రాత్రి ఎనిమిదింటికి కూడా టేబుళ్లు నీటుగా, ఖాళీగా ఉంటాయి. ఆన్‌లైన్ ఆర్డర్ల మోత ఉండదు. కార్డులు అరగవు. మూడు నెలల అద్దె బకాయిని షాపు ఓనరే అడ్వాన్స్‌లోంచి పట్టుకుంటాడు, మీరు బ్యాంకుకి కూడా వెళ్లక్కర్లేదు. వెళ్లిపోయేటప్పుడు మెనూ కార్డుల కట్ట కౌంటర్ మీదే వదిలేయండి. మీ తర్వాత ఆ షట్టర్‌లో దిగేవాళ్లకి ప్రింటింగ్ ఖర్చు తప్పుతుంది.