పలకని పాఠం

మా రోజుల్లో లెక్కల మాస్టారు బోర్డు మీద ఏది రాసినా, రాస్తూనే పైకి చదివేవారు. ‘ఎ స్క్వేర్ ప్లస్ టూ ఎబి’ అంటూ సుద్దముక్క వెంటే ఆయన గొంతూ నడిచేది. మా బెంచీలో చూపు లేని కుర్రాడొకడు ఉండేవాడు. విన్నది విన్నట్టే పట్టుకుని, మాకంటే ముందు జవాబు చెప్పేవాడు.

ఇప్పుడు కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని బ్రాంప్టన్‌లో మా మనవరాలి పక్కన కూచుని దాని చదువు చూస్తున్నాను. దానికి చూపు బాగా తక్కువ. తెర మీది అక్షరాలను స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. మొన్న సైన్సు పాఠం పీడీఎఫ్ తెరిచింది. బాణం మీట ఎన్నిసార్లు నొక్కినా ఖాళీ పేజీ అన్న మాటే. కాగితాన్ని స్కాన్ చేసి పెట్టేశారు. మన కంటికి అవి అక్షరాలు, యంత్రానికి ఉత్త ఫొటో. టైపు చేసిన ఫైలునే పీడీఎఫ్‌గా సేవ్ చేసి ఉంటే అక్షరాలు బతికేవి! ఇంకోచోట గుండె బొమ్మ. దాని వెనక వివరణ ఉండాల్సిన చోట ఫైలు నంబరుంది. ‘ఐ ఎం జి సున్నా సున్నా నాలుగు రెండు’ అని వినిపించింది. ‘తాతయ్యా, ఇందులో ఏముంది?’ అంది. చెప్పాను. ప్రతిసారీ నేనుంటానా?

చట్టం లేక కాదు. 2025 జనవరి 1 నాటికి వికలాంగులకు ఏ అడ్డూ ఉండకూడదని ఒంటారియో 2005లోనే చట్టం చేసింది. బడి బోర్డుల వెబ్‌సైట్లు డబ్ల్యూసీఏజీ 2.0 అనే వెబ్ అందుబాటు ప్రమాణంలో ఏఏ స్థాయికి చేరడానికి 2021 జనవరి 1 గడువు పెట్టింది. బొమ్మకు మాటల్లో వివరణ, వీడియోకు క్యాప్షన్లు, మౌస్ లేకుండా కీబోర్డుతో నడిచే పేజీలు: అడిగినవి ఇలాంటివే. ఫెడరల్ ప్రభుత్వ వెబ్‌సైట్లు తనకు అందడం లేదని డోనా జోధన్ అనే చూపులేని మహిళ కోర్టుకెక్కితే, అది సమానత్వ హక్కుకు భంగమని 2010లో తీర్పొచ్చింది. 2012లో అప్పీలు కోర్టూ అదే అంది. ఇక హైస్కూలు డిప్లొమాకు రెండు క్రెడిట్లు ఆన్‌లైన్లో చేయాలన్న నియమం కూడా తెచ్చారు. అలాంటప్పుడు తలుపు తెరిచి ఉంచొద్దా?

‘కావాలంటే అడగండి, వేరే రూపంలో ఇస్తాం’ అంటారు బడివాళ్లు. ఇస్తారు కూడా, రెండు వారాలకు. అప్పటికి క్లాసు గుండె దాటి మూత్రపిండాల దగ్గరుంటుంది. పిల్ల ఎప్పుడూ వెనకే.

మా కాలం బంగారమని నేననను. ఆ కుర్రాడు పదో తరగతి దాటలేదు. పరీక్షకు పక్కన కూచుని రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. అప్పుడు సాధనాలు లేవు, మాస్టారి గొంతుండేది. ఇప్పుడు అన్ని సాధనాలూ ఉన్నాయి, బొమ్మకు నాలుగు మాటలు రాసే ఓపిక కరువైంది.

నిన్న రాత్రి గుండె బొమ్మకు నేనే నాలుగు వాక్యాలు టైపు చేసి ఇచ్చాను. రెండుసార్లు విని, ‘వాల్వులు ఎన్నో రాయలేదు తాతయ్యా’ అంది. నాలుగని చేర్చాను.