కరెంటుకూ సిమ్ కార్డేనట!

ఇక మనకు బెంగ లేదు. ఒకే ఊళ్లో ఒకటికి నాలుగు డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ కంపెనీలు, దిగుతాయట. నచ్చినదాన్ని మనమే ఎంచుకోవచ్చట. 2025 అక్టోబరులో విద్యుత్ చట్ట సవరణ ముసాయిదా మళ్లీ బయటపడ్డ దగ్గర్నుంచీ ఏ చానల్ పెట్టినా కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయనది ఇదే పాట. కంగారు పడాల్సిందేమీ లేదట, సెల్‌ఫోన్ సిమ్ మార్చుకున్నంత తేలికట. యాంకరమ్మ తలూపుతుంది. పక్కన కూర్చున్న అధికార ప్రతినిధి ఇంకాస్త గట్టిగా తలూపుతాడు. 2022 ఆగస్టులో ఈ సరుకే లోక్‌సభ గడప తొక్కి, గోల రేగి, స్థాయీ సంఘం అటకెక్కింది. అప్పుడూ మనకు ఈ సిమ్ కార్డే చూపించారు. ఇన్నేళ్లలో కనీసం పోలికైనా మార్చుకోలేదు మహానుభావులు.

సరే, నమ్ముదాం. మా వీధి మొదట్లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని దిమ్మె నీడన మధ్యాహ్నం పూట కుక్కలు పడుకుంటాయి. కంచె లోపల ఎవరో పారేసిన కొబ్బరిబొండాల డొక్కలు గుట్టగా ఉంటాయి. అక్కడ బయల్దేరిన తీగే ఇంటింటికీ చీలుకుంటూ మా వాటా దాకా వస్తుంది. రేపు నాలుగు కంపెనీలు దిగినా ట్రాన్స్‌ఫార్మర్ అదే, స్తంభాలవే, తీగ అదే. ఎవరి తీగ వాళ్లు లాక్కోనక్కర్లేదు, ఉన్నదాన్నే అద్దె కట్టి వాడుకోవచ్చని ముసాయిదాయే చెబుతోంది. తీగలో వచ్చే కరెంటుకు కులగోత్రాలుండవు కదా. ఇబ్రహీంపట్నం బొగ్గు కేంద్రంలో పుట్టిందీ, శ్రీశైలం నీళ్లలో పుట్టిందీ, కర్నూలు సోలార్ పలకల మీద పుట్టిందీ అంతా కలిసే వస్తుంది. మరి నేను కంపెనీ మారితే మా ఇంట్లో మారేదేమిటి? బిల్లు మీద బొమ్మ మారుతుంది. యాప్ రంగు మారుతుంది. నా పుట్టినరోజుకి తెల్లవారకుండానే శుభాకాంక్షలు వస్తాయి.

ఒక గాలివాన రాత్రి ఊహించుకోండి. వేపకొమ్మ విరిగి తీగ మీద పడింది, వీధంతా చీకటి. ఇప్పుడైతే ఏం చేస్తాం? 1912కి కొడతాం. ఎత్తకపోతే లైన్‌మన్ సెల్లుకి కొడతాం. అదీ కాకపోతే టార్చిలైటు పట్టుకుని సెక్షన్ ఆఫీసుకు నడుస్తాం. అతను విసుక్కుంటూనే వస్తాడు. సరఫరా ఆపి, నిచ్చెన వేసి, కొమ్మ నరికి, తీగ కలిపి, ఎవరో ఇచ్చిన టీ తాగి పోతాడు.

రేపటి ముచ్చట వేరు. నాది ఒక కంపెనీ, ఎదురింటి రిటైర్డ్ తహసీల్దారు గారిది ఇంకో కంపెనీ, మేడ మీది బ్యాచిలర్ కుర్రాళ్లది క్యాష్‌బ్యాక్ ఇచ్చిన మూడో కంపెనీ. నా కంపెనీకి ఫోన్ చేస్తే ముందు సంగీతం. తర్వాత తెలుగు కోసం రెండు నొక్కాలి. మీ కాల్ మాకెంతో విలువైనది అని ఓ పదిసార్లు విన్నాక ఒకమ్మాయి తియ్యగా చెబుతుంది: సార్, మేం కరెంటు అమ్మేవాళ్లం మాత్రమే, తీగ మాది కాదు, తీగవాళ్లకు కంప్లయింట్ పంపాం, నంబరు రాసుకోండి. తహసీల్దారు గారికి ఇంకో నంబరు, కుర్రాళ్లకు మరో నంబరు. మూడు నంబర్లూ చివరికి చేరేది ఆ పాత సర్కారు డిస్కం సెక్షన్ ఆఫీసుకే. బిల్లు దండిగా కట్టేవాళ్లంతా అప్పటికే తరలిపోయారు గనుక అక్కడ లైన్‌మన్ పోస్టు ఖాళీ. కుర్రాళ్లు క్యాష్‌బ్యాక్‌తో కొవ్వొత్తులు కొనుక్కుంటారు.

ఈ సిమ్ పోలిక కనిపెట్టిన మేధావి ఎవరో గానీ ఒక్క ముక్క మరిచాడు. ఫోన్ల విషయంలో ఎవరి స్పెక్ట్రం వాళ్లది, ఎవరి యాంటెన్నా వాళ్లది. ఒకరి సిగ్నల్ అందకపోతే ఇంకొకరిది అందుతుంది. కరెంటు పోతే మాత్రం నాలుగు కంపెనీలదీ ఒక్కసారే పోతుంది. ఈ పాటి తేడా ఐదో తరగతి పిల్లాడు చెబుతాడు, వాడికి కోటు లేదంతే.

పోనీ ఆ సిమ్ కథే ఆఖరిదాకా చదువుదాం. నంబరు మార్చకుండా కంపెనీ మారే సదుపాయం దేశమంతటికీ 2011 జనవరిలో వచ్చింది. అప్పుడు ఎన్ని దుకాణాలు! ఎయిర్‌సెల్, యూనినార్, టాటా డొకోమో, రిలయన్స్ కమ్యూనికేషన్స్. ఇప్పుడు మిగిలినవి ప్రైవేటువి మూడు, సర్కారుది బీఎస్‌ఎన్‌ఎల్. 2024 జులై మొదటి వారంలో ఆ మూడూ ఒకదాని వెంట ఒకటి ధరలు పెంచాయి. ఆ నెల లక్షల మంది పరిగెత్తింది ఎక్కడికో గుర్తుందా? బీఎస్‌ఎన్‌ఎల్‌కి. నెట్‌వర్కు సరిగ్గా లేదని పదేళ్లుగా తిట్టిపోసిన బీఎస్‌ఎన్‌ఎల్‌కే. సర్కారు దుకాణం కొన ఊపిరితోనైనా మిగిలుండబట్టి ఆ నెల పరిగెత్తడానికి ఒక గుమ్మం దొరికింది. సిమ్ పోలిక తెచ్చేవాళ్లు ఈ అధ్యాయం ఎందుకు చదవరో!

పోటీతో ధర తగ్గుతుందన్నది ఇంకో ముచ్చట. డిస్కం ఖర్చులో నాలుగింట మూడు వంతులు కరెంటు కొనుగోలుకే పోతుంది. అదేమో పాతికేళ్ల ఒప్పందాలతో కట్టేసి ఉంది. తీగల అద్దె విద్యుత్ నియంత్రణ కమిషన్ తేలుస్తుంది. ఇక పోటీ పడటానికి మిగిలింది బిల్లు వసూలు చేసే కిటికీ ఒక్కటే.

విదేశాల్లో చూడమంటారు. చూశాం. మనవాళ్లు కాలనీలకు కాలనీలు కట్టుకున్న టెక్సాస్‌లోని డాలస్ చుట్టుపక్కల, ఇర్వింగ్‌లో, ప్లేనోలో, 2002 నుంచీ ఈ ఎంపిక భాగ్యం ఉంది. అక్కడ ఉంటున్న మా మేనకోడలు రాత్రి తొమ్మిది దాటితే గానీ ఇడ్లీ పిండి రుబ్బదు. ఆ వేళ కరెంటు ఉచితమట. పగటి రేటులో ఆ ఉచితాన్ని ఎంత కలిపారో లెక్క కట్టడానికి మా అల్లుడు ఎక్సెల్ షీటు వేశాడు. అంతకుముందు ఏడాది తీసుకున్న ప్లాన్లో నెలకు 1000 యూనిట్లు దాటితే బిల్లులో తగ్గింపు ఉండేది. దాటకపోతే పైసా లేదు. నెలాఖరున లెక్క 960 దగ్గర ఆగితే మొగుడూ పెళ్లాలు ఉతికిన బట్టలే మళ్లీ డ్రయ్యర్లో వేసి తిప్పేవాళ్లు. ఇద్దరూ ఇంజినీర్లే. కరెంటు బిల్లు కట్టడానికి ఇద్దరు ఇంజినీర్లు కావాల్సిన చోట మన పిండిమర ఓనరు ఏం కావాలి?

అదైనా నవ్వుకోవడానికి పనికొస్తుంది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్‌లో జరిగింది నవ్వే విషయం కాదు. టోకు ధరను యూనిట్‌కు 9 డాలర్ల దగ్గర రోజుల తరబడి నిలబెట్టారు. టోకు ధరకే ఇస్తామన్న గ్రిడ్డీ అనే కంపెనీని నమ్ముకున్నవాళ్లకు ఆ కొద్ది రోజుల వాడకానికి వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. నెల తిరిగేసరికి కంపెనీ దివాలా పిటిషను వేసింది. లక్షల ఇళ్లకు బిల్లు మాట అటుంచి కరెంటే లేదు. రాష్ట్రం తానుగా ఒప్పుకున్న చావులే 246. ధర పెరిగితే సరఫరా దానంతటదే వస్తుందని పుస్తకంలో రాసుంది. గ్యాసు బావుల దగ్గర గొట్టాలు గడ్డకట్టిన సంగతి ఆ పుస్తకానికి తెలియదు. 2000-01లో కాలిఫోర్నియాను చీకట్లో కూర్చోబెట్టి ఎన్రాన్ ఆడిన ఆట గురించి చెప్పబోతే ఈ పేజీ చాలదు.

ఇక వెటకారం చాలు. నిజంగా ఎంపిక ఎవరికో చెప్పుకుందాం. 2022లో అదానీ ట్రాన్స్‌మిషన్ మహారాష్ట్రలో సమాంతర పంపిణీ లైసెన్సు అడిగింది. ఎక్కడ? ములుండ్, భాండుప్, ఠాణే, నవీ ముంబయి, పన్వేల్. మారుమూల గడ్చిరోలి అడగలేదు. నేను కంపెనీని తప్పు పట్టను. వ్యాపారి లాభం ఉన్న చోటికే పోతాడు. తప్పు, వాడి ఎంపికను మన ఎంపికగా అమ్మేవాళ్లది. ఇక్కడా అదే జరుగుతుంది. గచ్చిబౌలి కావాలంటారు, గాజువాక కావాలంటారు, శ్రీసిటీ కావాలంటారు. పాడేరు కొండల మీద నాలుగు గుడిసెలకు ఆరు కిలోమీటర్ల తీగ లాగడానికి ఏ యాప్ వాడూ రాడు. అచ్చంపేట బోరుబావుల కింద కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టరు మీద వేసుకు రావడానికి ఎవడూ రాడు. మీగడ వాళ్లకు, మాడు సర్కారు డిస్కంకు. నాలుగేళ్ల తర్వాత దాని అప్పులు చూపించి, సర్కారు సంస్థలింతే, అమ్మెయ్యండి అంటారు. మాడు మిగిల్చిందెవరో అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

ముసాయిదా ప్రకారం తయారీ పరిశ్రమలు, రైల్వేలు, మెట్రోల మీద క్రాస్ సబ్సిడీ భారం, అంటే ఇళ్లకు చౌకగా ఇచ్చేందుకు వాళ్ల మీద వేసే అదనపు వడ్డన, ఐదేళ్లలో ఎత్తెయ్యాలట. ఎత్తండి, వాళ్లు నిజంగానే ఎక్కువ కడుతున్నారు. కానీ ఎత్తిన బరువు ఎక్కడో చోట దించాలి కదా. ఇంటి మీటరు మీదైనా దించాలి, రాష్ట్ర ఖజానా మీదైనా దించాలి. ఖజానా డిస్కంలకు ఎప్పుడు ఎంత బాకీ పడుతుందో ఆ ఆఫీసుల్లో పనిచేసే ఏ గుమాస్తానడిగినా నిట్టూర్చి చెబుతాడు.

ఫ్యాక్టరీల వాళ్లు మరీ సంబరపడకండి. 2022 మార్చిలో విద్యుత్ ఎక్స్ఛేంజీలో యూనిట్ 20 రూపాయలకు ఎక్కింది. ఏప్రిల్ మొదట్లో కేంద్ర కమిషన్ 12 రూపాయలు దాటకూడదని గీత గీస్తే, ధర తిన్నగా వెళ్లి ఆ గీత మీదే కూర్చుంది. ఆ నెలలోనే ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. నిరంతరం నడిచే యూనిట్లు సగం కరెంటుతో సరిపెట్టుకోవాలన్నారు. బజారు ఎలా ఉంటుందో అది మచ్చు. ఇప్పటి ముసాయిదా ఇంకో మెట్టు దిగింది. 1 మెగావాట్ దాటిన వినియోగదారుడికి కరెంటు ఇచ్చి తీరాలన్న బాధ్యత నుంచి డిస్కంను తప్పించే వీలు కల్పిస్తోంది. చౌకగా ఉన్నన్నాళ్లూ బజారు మీది, 20 రూపాయలు పలికిన రోజున గోడు వినేవాడు లేడు. స్పిన్నింగు మిల్లు యజమానులు ఈ సెక్షన్ ఒకటికి రెండుసార్లు చదువుకుంటే మంచిది.

అసలు నియంత్రణ సడలిస్తే ఎలా ఉంటుందో కొత్తగా రుచి చూడాలా? చూస్తూనే ఉన్నాం. ఇంధనం, కొనుగోలు ఖర్చు పెరిగితే ఆ పెంపు ఏ నెలకా నెల దానంతటదే జనం మీదికి వచ్చేలా 2022 డిసెంబరులో కేంద్రం నిబంధనలు మార్చింది. కమిషన్ గుమ్మం తొక్కకుండానే యూనిట్‌కు 40 పైసల దాకా వేసుకోవచ్చని ఆంధ్రాలో 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. అది చాలదన్నట్టు 2022-23, 2023-24 సంవత్సరాల సర్దుబాటు కింద 15 వేల కోట్ల పైచిలుకు వసూలుకు 2024 చివర్లో అనుమతి ఇచ్చారు. అంతకుముందు 2014-19 నాటి పాత ఖర్చుల బాకీ ట్రూఅప్ పేరిట 2022 ఆగస్టు నుంచి బిల్లుల్లో ఎక్కింది. అంటే, ఏనాడో ఖాళీ చేసి వెళ్లిన అద్దెవాళ్లు వాడిన కరెంటుకు, ఎనిమిదేళ్ల తర్వాత ఆ వాటాలో దిగినవాళ్లు కట్టారు. కిరాణా కొట్టువాడు పాత అద్దెదారు పద్దు నా దగ్గర వసూలు చేస్తే పోలీసు కేసవుతుంది. డిస్కం చేస్తే సర్దుబాటు అవుతుంది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఆ బిల్లులు రోడ్డు మీద తగలబెట్టడం, కుర్చీ ఎక్కాక వాటినే వసూలు చేయడం, ఈ విషయంలో మాత్రం పార్టీలకు భేదాభిప్రాయం లేదు.

 

నా వయసువాళ్లకు ఇదంతా రెండోసారి చూస్తున్న సినిమా. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీల్చారు. మరుసటి ఏడు నాలుగు డిస్కంలు పుట్టాయి. ప్రపంచ బ్యాంకు అప్పు, చార్జీల మోత, జనం రోడ్డెక్కడం. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురి ప్రాణాలు పోయాయి. అప్పుడూ సామర్థ్యం పెరుగుతుందన్నారు, నష్టాలు పోతాయన్నారు. పంపిణీని ప్రైవేటుకు అప్పజెప్పిన ఒడిశాలో అమెరికా కంపెనీ ఏఈఎస్ రెండేళ్లకే చేతులెత్తేసి పోయింది. మిగతా మూడు డిస్కంలు నడిపిన రిలయన్స్ లైసెన్సులను 2015లో అక్కడి కమిషనే రద్దు చేసింది. టీవీలో కోటాయన ఒడిశా పేరెత్తగా నేనింతవరకు వినలేదు.

సర్కారు డిస్కంలు గొప్పవని నేననను. కనెక్షను కోసం చెప్పులరిగేలా తిరిగినవాణ్నే. కానీ సెక్షన్ ఆఫీసులో ఏఈ గారిని నిలదీయడానికి నాకొక బల్ల ఉంది, ఆయన మీద ఫిర్యాదు చేయడానికొక ఫోరం ఉంది, చార్జీ ఎందుకు పెంచుతున్నారని బహిరంగంగా అడగడానికొక కమిషన్ ఉంది. ఆ ఉన్న కాస్తనీ వదులుకోకండి. ఏటా నవంబరు నెలాఖరుకల్లా డిస్కంలు మరుసటి ఏడాది ఆదాయ అవసరాల లెక్కలు కమిషన్‌కు ఇవ్వాలి. ఆ తర్వాత బహిరంగ విచారణ ఉంటుంది. అక్కడ మాట్లాడటానికి లాయరు అక్కర్లేదు, అభ్యంతరం తెలుగులోనే రాయొచ్చు. కుర్చీలు చాలావరకు ఖాళీగానే ఉంటున్నాయి. ఈసారి మీరూ ఒక కాగితం రాయండి, వీలైతే మీ బిల్లు పట్టుకుని వెళ్లి అడగండి.